'ఒహాయో' పాట: తరచుగా అడిగే ప్రశ్నలు

1970 మే 4న అమెరికాలోని ఒక యూనివర్సిటీ ఆవరణలో సైనికుల తూటాలకు నలుగురు విద్యార్థులు చనిపోయారు. 17 రోజుల తర్వాత దాని మీద ఒక రాక్ పాట రికార్డయింది. నిరసన పాటల గురించి ఎవరు మాట్లాడినా ఈ పాట దగ్గరికి రాక తప్పదు. అయితే దీని చుట్టూ అల్లుకున్న కథల్లో నిజాలెన్నో, పొరపాట్లూ అన్నే ఉన్నాయి. కొత్తగా విన్నవాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట ఉంటే బాగుంటుందని ఈ పేజీ.

ఈ పాట ఎవరిది?

రాసింది నీల్ యంగ్. పాడింది క్రాస్బీ, స్టిల్స్, నాష్ అండ్ యంగ్ అనే బృందం. డేవిడ్ క్రాస్బీ, స్టీఫెన్ స్టిల్స్, గ్రాహం నాష్ ముగ్గురూ ముందు కలిశారు, యంగ్ తర్వాత చేరాడు. 1970 మార్చిలో వచ్చిన 'డేజా వూ' ఆల్బమ్ అమెరికాలో నంబర్ వన్ అయింది. అంటే ఈ పాట వచ్చేనాటికి వాళ్లు పేరు కోసం పాకులాడే కుర్రాళ్లు కారు, మంచి ఊపులో ఉన్న బృందం.

యంగ్‌కి అప్పుడు 24 ఏళ్లు. ఇంకో సంగతి, అతను అమెరికన్ కాదు. కెనడాలో పుట్టి పెరిగి, 1966లో లాస్ ఏంజెలెస్ వచ్చినవాడు. అమెరికా అధ్యక్షుణ్ణి పేరు పెట్టి నిలదీసిన పాటను ఒక కెనడా కుర్రాడు రాశాడు.

మే 4న అసలేం జరిగింది?

వియత్నాం యుద్ధం నుంచి నెమ్మదిగా బయటపడుతున్నామని చెబుతూ వచ్చిన అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్, ఏప్రిల్ 30 రాత్రి టీవీలో కనిపించి సైన్యాన్ని కంబోడియాలోకి పంపుతున్నామని ప్రకటించాడు. మర్నాటి నుంచే కాలేజీలు భగ్గుమన్నాయి. ఒహాయో రాష్ట్రంలో కెంట్ అనే చిన్న ఊళ్లో ఉన్న కెంట్ స్టేట్ యూనివర్సిటీ వాటిలో ఒకటి. శుక్రవారం రాత్రి ఊళ్లో గొడవలయ్యాయి. శనివారం రాత్రి క్యాంపస్‌లో సైనిక శిక్షణ విభాగం భవనం తగలబడింది. ఆ రాత్రే నేషనల్ గార్డ్ దళం, అంటే రాష్ట్ర గవర్నర్ అధీనంలో ఉండే సైన్యం, దిగింది. ఆదివారం గవర్నర్ జేమ్స్ రోడ్స్ ప్రెస్ మీట్ పెట్టి ఆందోళన చేసేవాళ్లను తీవ్రంగా దుయ్యబట్టాడు.

సోమవారం మధ్యాహ్నం సభ జరగకూడదన్నారు. అయినా విద్యార్థులు వచ్చారు. గార్డులు బాష్పవాయువు వదిలి, తుపాకులకు బాయ్‌నెట్లు తగిలించి గుంపును గుట్ట మీదుగా అవతలికి తరిమారు. కాసేపటికి వెనక్కి మళ్లి గుట్ట ఎక్కారు. పైకి చేరాక కొందరు ఒక్కసారిగా వెనక్కి తిరిగి కాల్చారు. 28 మంది గార్డులు, 13 సెకన్లు, 60కి పైగా తూటాలు. నలుగురు చనిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. గాయపడినవాళ్లలో ఒకరికి నడుము కింది భాగం శాశ్వతంగా చచ్చుబడిపోయింది.

ఆ 13 సెకన్ల శబ్దం కూడా టేపు మీద ఉంది. హాస్టల్‌లో ఉండే ఒక విద్యార్థి కిటికీ దగ్గర మైకు పెట్టి, టేపు రికార్డర్ ఆన్ చేసి ఉంచాడు. 

చనిపోయిన నలుగురూ నిరసనకారులేనా?

కాదు. పాటలో నలుగురన్న లెక్కే వినిపిస్తుంది తప్ప పేర్లు ఉండవు. కాబట్టి ఇక్కడైనా చెప్పుకోవాలి. ఆలిసన్ క్రౌజ్, 19 ఏళ్లు. జెఫ్రీ మిల్లర్, 20. శాండ్రా షోయర్, 20. విలియం ష్రోడర్, 19.

క్రౌజ్, మిల్లర్ ఆ రోజు నిరసనలో ఉన్నారు. షోయర్ క్లాసుకి నడిచి వెళ్తోంది. ష్రోడర్ దూరంగా నిలబడి చూస్తున్నవాడు, పైగా సైనిక శిక్షణ తీసుకుంటున్న విద్యార్థి. నలుగురిలోనూ గార్డులకు దగ్గరగా ఉన్నది మిల్లర్, అతనే సుమారు 265 అడుగుల దూరంలో ఉన్నాడు. షోయర్ 390 అడుగుల దూరంలో ఉంది. ప్రాణభయంతో కాల్చామని గార్డులు చెప్పారు. ఆ మాటను ఈ దూరాల పక్కన పెట్టి చూడండి.

ఫోటో చూసి రాశాడంటారు. ఏ ఫోటో?

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. కెంట్ స్టేట్ అనగానే అందరి కళ్ల ముందుకీ ఒక ఫోటో వస్తుంది. నేల మీద బోర్లా పడి ఉన్న మిల్లర్, అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచి ఏడుస్తున్న అమ్మాయి. దాన్ని తీసింది అక్కడే చదువుతున్న జాన్ ఫైలో. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ అమ్మాయి యూనివర్సిటీ విద్యార్థిని కాదు, ఇంట్లోంచి వచ్చేసిన 14 ఏళ్ల పిల్ల. తర్వాతి రోజుల్లో కొన్ని పత్రికల్లో ఆ ఫోటో అచ్చయినప్పుడు ఆమె తల వెనక ఉన్న కంచె స్తంభం మాయమైంది. ఎవరో చెరిపేశారు.

యంగ్ చేతికి వచ్చింది 'లైఫ్' పత్రిక 1970 మే 15 సంచిక. దాని ముఖచిత్రం మాత్రం ఆ ఫోటో కాదు. గాయపడి నేల మీద పడి ఉన్న ఒక విద్యార్థి మీదికి తోటివాళ్లు వంగి చూస్తున్న ఫోటో అది. తీసింది హోవర్డ్ రఫ్నర్, అతనూ అక్కడి విద్యార్థే. లోపల పేజీల కొద్దీ ఫోటోలు, వివరాలు ఉన్నాయి. కాబట్టి 'ఒక్క ఫోటో చూసి పాట రాశాడు' అనడం కంటే ఆ సంచిక చదివి రాశాడు అనడమే సరైన మాట.

ఎక్కడ రాశాడు?

ఉత్తర కాలిఫోర్నియాలో పెస్కడెరో దగ్గర, అడవి మధ్యలో ఉన్న ఒక ఇంట్లో. క్రాస్బీ కూడా అక్కడే ఉన్నాడు. యంగ్ పత్రిక చూశాడు, కాసేపు మాట్లాడలేదు, క్రాస్బీ గిటార్ అందించాడు, యంగ్ అక్కడికక్కడే రాసేశాడు. క్రాస్బీ ఈ సంగతి బతికున్నంత కాలం చెబుతూనే వచ్చాడు. లాస్ ఏంజెలెస్‌లో ఉన్న నాష్‌కి ఫోన్ చేసి వెంటనే స్టూడియో బుక్ చెయ్యమన్నది కూడా క్రాస్బీయే.

పాట మాటల్లో ఆ తొందర తెలుస్తుంది. చరణాలు చాలా తక్కువ. పోలికలు దాదాపు లేవు. ఎవరొచ్చారు, ఎంతమంది పోయారు, ఇప్పుడు మనం ఏం చెయ్యాలి, అంతే. ఇంకో నెల ఆగి ఉంటే ఇంకా 'అందమైన' పాట వచ్చేదేమో గానీ ఇంత మంచి పాట వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

రికార్డింగ్ ఎలా జరిగింది?

మే 21న, లాస్ ఏంజెలెస్‌లోని రికార్డ్ ప్లాంట్ స్టూడియోలో. ఇంజనీర్ బిల్ హాల్వర్సన్.

అప్పటికి బృందం పరిస్థితి ఏమంత బాగాలేదు. మే నెల మధ్యలో టూర్ మొదలవుతూనే గొడవలతో ఆగిపోయింది. బాస్ వాయించే గ్రెగ్ రీవ్స్‌ని ముందే తీసేశారు, డ్రమ్మర్ డాలస్ టేలర్‌ని కూడా తీసేశారు. బాస్‌కి కాల్విన్ 'ఫజీ' శామ్యూల్స్, డ్రమ్స్‌కి అంతకు ముందు టర్టిల్స్ బృందంలో వాయించిన జానీ బార్బాటా వచ్చారు. అంటే ఈ ఆరుగురూ కలిసి వాయించడం అప్పుడప్పుడే మొదలైంది. నలుగురు గాయకులకీ ఒకరంటే ఒకరికి పడని రోజులు. ఆ టెన్షన్ మధ్యలోనే పాట రికార్డయింది.

ఇంతకు ముందు ఈ బృందం పని చేసే తీరు వేరు. 'డేజా వూ' కోసం నెలల తరబడి స్టూడియోలో కూర్చున్నారు. ఒక్కొక్క గొంతునీ విడివిడిగా రికార్డు చేసి, పొర మీద పొర వేసి, గీరి గీరి నునుపు చేశారు. ఈ పాటకి అదంతా వదిలేశారు. అందరూ ఒకే గదిలో, ఒకేసారి వాయిస్తూ పాడుతూ, కొద్ది టేకుల్లో ముగించారు. 1977లో వచ్చిన 'డికేడ్' సంకలనంలో ఒక్కో పాటకీ యంగ్ చిన్న నోట్ రాశాడు. ఈ పాట పూర్తిగా లైవ్‌గా రికార్డయిందనీ, ఈ బృందంతో తను చేసినవాటిలో ఇదే మేటి అనీ, టేక్ అయ్యాక క్రాస్బీ ఏడ్చాడనీ అందులో ఉంది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదట ఒకే ఒక్క గిటార్, చిన్న స్వరాల వరస, మళ్లీ మళ్లీ అదే. తర్వాత రెండో గిటార్ వచ్చి దానికి ఎదురు నిలుస్తుంది. డ్రమ్స్, బాస్ చేరేసరికి కవాతు నడక లాంటిది ఒకటి ఏర్పడుతుంది. మూడు నిమిషాల్లో పాట అయిపోతుంది. ఈ బృందానికి పేరు తెచ్చిన గొంతుల కలయిక ఇక్కడా ఉంది, కానీ తీపిగా ఉండదు. అంచులు గరుకుగా ఉంటాయి.

చివర్లో కేకలు వేస్తున్నది ఎవరు?

క్రాస్బీ. మిగతావాళ్లు పల్లవి చివరి మాటలు పాడుతూనే ఉంటే, అతను వాటి మీదుగా 'ఎందుకు', 'ఇంకా ఎంతమంది' అంటూ అరుస్తాడు. అది రాసుకున్నది కాదు, పాడుతూ పాడుతూ అప్పటికప్పుడు వచ్చింది. మామూలుగా అయితే మిక్సింగ్‌లో ఇలాంటివి తగ్గించేస్తారు. వీళ్లు ఉంచారు. ఆ కేకలు లేని 'ఒహాయో'ని నేను ఊహించుకోలేను.

గిటార్ వాయించేవాళ్లు తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా?

మామూలు ట్యూనింగ్‌లో ప్రయత్నిస్తే ఆ బరువు రాదు. యంగ్ మొదటి తీగనీ, ఆరో తీగనీ, అంటే 'ఈ' (E) స్వరానికి బిగించే రెండు తీగల్నీ 'డీ' (D) దాకా దించుతాడు. డబుల్ డ్రాప్ డీ అంటారు. పాట డీ మైనర్‌లో నడుస్తుంది. మొదట వచ్చే ఆ వరసకి డీ మైనర్, ఎఫ్, సీ కార్డ్స్ చాలు. కింది తీగ మోగుతూనే ఉండాలి, దాన్ని ఆపెయ్యకండి.

అంత త్వరగా ఎలా విడుదలైంది?

అట్లాంటిక్ రికార్డ్స్ అధిపతి అహ్మెట్ ఎర్టెగన్‌తో నేరుగా మాట్లాడారు. చిక్కెక్కడొచ్చిందంటే, అదే బృందం పాడిన 'టీచ్ యువర్ చిల్డ్రన్' అప్పుడు చార్టుల్లో పైకి ఎక్కుతోంది. ఒకే బృందం పాటలు రెండు ఒకదానితో ఒకటి పోటీ పడితే రెండూ దెబ్బతింటాయి. ఆ పాట రాసింది నాష్. తన పాట హిట్ అవుతున్నా, కొత్తది వెంటనే తెమ్మని గట్టిగా చెప్పింది కూడా నాషే. పాటలు రాసేవాళ్లకి ఇది చిన్న త్యాగం కాదు.

జూన్ నెలలోనే సింగిల్ రికార్డు దుకాణాల్లోకి వచ్చింది. అమెరికా చార్టులో 14వ స్థానం దాకా వెళ్లింది. 'టీచ్ యువర్ చిల్డ్రన్' 16 దగ్గర ఆగింది.

రికార్డు రెండో వైపు స్టిల్స్ రాసిన 'ఫైండ్ ద కాస్ట్ ఆఫ్ ఫ్రీడమ్' ఉంది. అదే సెషన్‌లో పాడింది. డ్రమ్స్ లేవు, అకూస్టిక్ గిటార్లు, ఆ తర్వాత నాలుగు గొంతులు మాత్రమే. ఒక వైపు కోపం, రికార్డు తిప్పితే సంతాపం. వైపుకి ఒక్క పాట ఉండే ఆ చిన్న 45 రికార్డుని అలా ఒక వైపు విని రెండో వైపు తిప్పి విన్నవాళ్లకి అందిన అనుభవం, ఇవాళ పాటల్ని విడివిడిగా వింటున్న మనకి అందడం లేదు.

రేడియోలో నిషేధించారట, నిజమేనా?

దేశమంతా నిషేధం అన్నది నిజం కాదు. అలా అయితే 14వ స్థానానికి వచ్చేదే కాదు. కొన్ని ఏఎం స్టేషన్లు వెయ్యబోమన్నాయి. కారణం, పాటలో నిక్సన్ పేరు ఉండడం. అప్పుడప్పుడే బలం పుంజుకుంటున్న ఎఫ్ఎం స్టేషన్లు మాత్రం ఆగకుండా వేశాయి.

పేరు పెట్టడమే ఈ పాటలో అన్నిటికంటే ధైర్యమైన పని. అంతకు ముందు యుద్ధం మీద వచ్చిన పాటల్లో చాలావాటికి శత్రువు 'వాళ్లు', 'పెద్దలు', 'యుద్ధం అమ్ముకునేవాళ్లు'. ఇక్కడ మొదటి వాక్యంలోనే, పదవిలో ఉన్న అధ్యక్షుడి పేరు. తను విన్న ధైర్యమైన పనుల్లో అదొకటని క్రాస్బీ అనేవాడు. నా దృష్టిలో ఈ పాట బలమంతా రెండు చోట్ల ఉంది. చేసినవాడి పేరు సూటిగా చెప్పడం, వార్త వేడి తగ్గకముందే చెప్పడం.

నేల మీద చనిపోయి పడి ఉన్న 'ఆమె' అని పాటలో వస్తుంది. ఆమె ఎవరు?

ఆలిసన్ క్రౌజ్ అని కొందరు, ఫోటోలో ఏడుస్తున్న అమ్మాయి అని కొందరు అంటారు. ఫోటోలోని అమ్మాయి చనిపోలేదు కాబట్టి ఆ రెండోది కుదరదు. పాటలో పేరు లేదు. ఆ మాట వింటున్నవాళ్లను అడిగే ప్రశ్న. నీకు తెలిసిన అమ్మాయే అయి ఉంటే ఏం చేసేవాడివి అని. దాన్ని ఎవరో ఒకరికి అంటగడితే ప్రశ్న మన మీద నుంచి తప్పిపోతుంది.

శవాల మీద పేలాలు ఏరుకున్నట్టు కాదా ఇది?

ఈ ప్రశ్న కొత్తది కాదు. కెంట్‌లోనే పుట్టింది. తర్వాత డీవో అనే రాక్ బృందం పెట్టిన జెరాల్డ్ కసాలీ ఆ రోజు అక్కడే విద్యార్థి. కాల్పులు కళ్లారా చూశాడు, క్రౌజ్‌, మిల్లర్ అతనికి తెలిసినవాళ్లు. డబ్బున్న హిప్పీలు తమకి అర్థం కాని ఘోరం మీద డబ్బు చేసుకుంటున్నారని ఆ పాట వచ్చినప్పుడు తమకి అనిపించిందని కసాలీ తర్వాత చెప్పాడు. స్నేహితుల నెత్తురు చూసినవాడి మాట అది. పాటంటే నాకెంత ఇష్టమున్నా ఆ మాటకి ఎదురు చెప్పే హక్కు నాకు లేదు.

యంగ్‌కి కూడా ఈ ముల్లు గుచ్చుకుంది. 'డికేడ్' నోట్‌లోనే, ఈ విద్యార్థుల చావు వల్ల తను లాభపడడం విడ్డూరమని, ఇలాంటి పాట రాయాల్సి వచ్చిందంటే ఇప్పటికీ నమ్మలేకపోతున్నానని రాసుకున్నాడు.

రెండో వైపు కూడా చూడాలి. కాల్పుల తర్వాత అమెరికాలో చాలా మంది తప్పు విద్యార్థులదే అన్నారు. చనిపోయినవాళ్ల ఇళ్లకి తిట్ల ఉత్తరాలు వెళ్లాయి. అలాంటి రోజుల్లో, మిగతా హిట్ పాటల మధ్యలో, కార్లలో, హోటళ్లలో, వంటిళ్లలో రేడియో తిప్పినవాళ్లకి ఈ పాట వినపడింది. విననివ్వకూడదని కొన్ని స్టేషన్లు పట్టుబట్టాయంటేనే అది ఎవరికి తగలాలో వాళ్లకి తగిలిందని అర్థం. డబ్బు వచ్చింది, నిజమే. ఆ డబ్బు కోసం రాసిన పాటలా మాత్రం అది వినపడదు.

కాల్పులకి నిరసనగా జరిగిన విద్యార్థుల సమ్మెకి ఈ పాటే కారణమా?

కాదు. కాల్పుల వార్త తెలిసిన కొద్ది రోజుల్లోనే వందల కాలేజీలు మూతపడ్డాయి, 40 లక్షల మంది దాకా విద్యార్థులు సమ్మెలో పాల్గొన్నారని అంచనా. పాట దుకాణాల్లోకి వచ్చేసరికి సమ్మె ఉధృతి దాటిపోయింది. జ్ఞాపకాన్ని నిలబెట్టిన ఘనత పాటదే, ఉద్యమాన్ని పుట్టించిన ఘనత కాదు.

జాక్సన్ స్టేట్ గురించి ఇలాంటి పాట ఎందుకు రాలేదు?

అందరూ అడగాల్సిన ప్రశ్న, తక్కువ మంది అడిగే ప్రశ్న. కెంట్ కాల్పులకి పదకొండు రోజుల తర్వాత, మే 15న, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతి విద్యార్థులు చదివే జాక్సన్ స్టేట్ కాలేజీలో పోలీసులు అమ్మాయిల హాస్టల్ మీద వందల తూటాలు కురిపించారు. ఫిలిప్ గిబ్స్, 21 ఏళ్లు. జేమ్స్ ఎర్ల్ గ్రీన్, 17 ఏళ్లు, ఇంకా హైస్కూల్ చదువుతున్న కుర్రాడు. ఇద్దరూ చనిపోయారు. 'ఒహాయో' రికార్డయ్యేనాటికి ఇది జరిగి ఆరు రోజులైంది. 'లైఫ్' ముఖచిత్రం కెంట్‌కి దక్కింది, పాటా దానికే దక్కింది. యంగ్ చూసిన పత్రికలో ఏముందో దాని మీద రాశాడు, అతన్ని తప్పుపట్టలేం. ఏ చావులు ముఖచిత్రాలవుతాయో, ఏవి కావో మాత్రం ఈ రెండు పేర్లు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

కాల్చినవాళ్లకి శిక్ష పడిందా?

పడలేదు. అధ్యక్షుడు వేసిన కమిషనే ఆ కాల్పులు అనవసరం, అసమంజసం, క్షమించరానివి అని 1970లో తేల్చింది. ఎనిమిది మంది గార్డుల మీద పెట్టిన ఫెడరల్ కేసును 1974లో జడ్జి కొట్టేశాడు. 1979లో బాధిత కుటుంబాలకి, గాయపడినవాళ్లకి అందరికీ కలిపి 6,75,000 డాలర్లు ఇచ్చి, విచారం తెలిపే ఒక ప్రకటన మీద సంతకాలు చేసి సివిల్ కేసును ముగించారు.

కెంట్ వెళ్తే ఏం చూడొచ్చు?

ఒహాయోలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగువాళ్లు తక్కువేం కాదు. ఆ దారిన వెళ్తే క్యాంపస్‌లో టేలర్ హాల్ అనే భవనం దగ్గర ఆగండి. 1990లో కట్టిన స్మారకం అక్కడుంది. దగ్గర్లోనే ఒక లోహపు శిల్పం, దానికి ఆ రోజు తూటా చేసిన చిల్లు ఇంకా అలాగే ఉంది. వేలు పెట్టి చూడొచ్చు. ప్రెంటిస్ హాల్ పార్కింగ్ స్థలంలో నలుగురు పడిపోయిన చోట్ల 1999లో గుర్తులు పెట్టారు, అక్కడ కార్లు ఆపనివ్వరు. 2016లో ఆ స్థలమంతటినీ జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు.

ఏ వెర్షన్ ముందు వినాలి?

ముందు స్టూడియోది. అది చాలా కాలం ఏ ఆల్బమ్‌లోనూ లేదు, 1974లో 'సో ఫార్' సంకలనంలో చేరింది. తర్వాత 1971 నాటి 'ఫోర్ వే స్ట్రీట్'లో ఉన్న కచేరీ వెర్షన్. మూడోది, అదే ఏడాది జనవరిలో టొరంటోలోని మాసీ హాల్‌లో యంగ్ ఒక్కడే అకూస్టిక్ గిటార్‌తో పాడింది, ఇది 2007లో గానీ విడుదల కాలేదు. బృందం లేదు, డ్రమ్స్ లేవు, అయినా పాట ఎక్కడా జారదు.

ఈ మూడూ అయ్యాక ఐస్లీ బ్రదర్స్‌ది తప్పకుండా వినండి. వాళ్ల సొంత ఊరు ఒహాయోలోని సిన్సినాటి. 1971లో వాళ్లు ఈ పాటని గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ యుద్ధం మీద చేసిన 'మెషీన్ గన్'తో కలిపి తొమ్మిది నిమిషాల పాటగా చేశారు. నల్లజాతి కళాకారులు, హెండ్రిక్స్ చనిపోయిన మరుసటి ఏడాది, వియత్నాంనీ కెంట్‌నీ ఒకే ఊపిరిలో పాడారు. యంగ్ పాటలో కోపం ఎక్కువ వినిపిస్తే, ఇందులో దుఃఖం, ప్రార్థన వినిపిస్తాయి. దీనికి రావాల్సినంత పేరు రాలేదు. తీరిగ్గా కూర్చుని, మధ్యలో ఆపకుండా వినండి.